మొదటి గుక్క

జోగయ్య మొదటి గుక్క తాగందే రైల్వే కుళాయి కింద బిందె పెట్టే ఆడది ఆ బస్తీలో లేదు. నవ్వకండి. పద్దెనిమిదేళ్ళు అలాగే జరిగింది. పొద్దున్న ఐదున్నరకి వాల్వు తిప్పడం, గొట్టం బుసబుసమని గాలి వదిలి నీళ్ళు తెల్లగా దూకడం, కాసేపటికి ఆ తెలుపు తేరుకోవడం, అప్పుడు జోగయ్య చెంబు పట్టి గటగటా తాగడం, తాగి మీసాలు తుడుచుకుని "ఊఁ, కానియ్యండి" అనడం. ఆ మాట పడ్డాకే బిందెలు చప్పుడయ్యేవి. అంతదాకా నలభై ఇళ్ళ ఆడవాళ్ళూ, ఎంత తొందరున్నా, పొయ్యిమీద అన్నం మాడుతున్నా, కుళాయి వైపు కాకుండా జోగయ్య గొంతు వైపే చూస్తూ నిలబడేవారు.

ఇది శాస్త్రమూ కాదు, రైల్వే రూలు అంతకన్నా కాదు. రాయ్‌పూర్‌లో వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపు వచ్చిన కొత్తలో బొబ్బిలి నుంచీ, పార్వతీపురం నుంచీ, పలాస నుంచీ మనవాళ్ళు ట్రంకుపెట్టెలూ చాపచుట్టలూ నెత్తిన పెట్టుకుని దిగారు. అప్పటిదాకా గెడ్డల్లో పారే నీళ్ళు, నూతి నీళ్ళు తాగిన మనుషులు. వర్క్‌షాపు వాళ్ళకి కట్టిన డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో గొట్టంలోంచి దూకే నీళ్ళు చూసి హడలిపోయారు. పైగా ఆ నీళ్ళు ఘాటుగా మందు వాసన. పిల్లలు పుట్టకుండా అందులో ఏదో కలుపుతున్నారని ఒక పుకారు. వయసులో ఉన్న ఆడవాళ్ళు ఆ నీళ్ళు ముట్టుకోలేదు. అప్పట్లో పంపు డ్రైవరు పున్నయ్య. ఆయనకి ఏడుగురు పిల్లలు, ఎనిమిదో కాన్పుకి పెళ్ళాం సిద్ధంగా ఉంది. ఆ పెళ్ళాన్ని పక్కన నిలబెట్టి, ఆ నీళ్ళే రెండు చెంబులు తాగి, ఇంతకన్నా రుజువు కావాలా అని అడిగాడట. ఎవరూ అక్కర్లేదన్నారు.

పున్నయ్య రిటైరై వెళ్ళిపోతూ జోగయ్యకి పంపుహవుసు తాళాలతో పాటు ఈ పని కూడా అప్పగించాడు. "నూనె పొయ్యడం మరిసిపోయినా పర్వానేదు, గుక్క మరిసిపోకు" అన్నాడు. జోగయ్య మరిచిపోలేదు. ఎనభై ఆరులో తనూ రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, కాలనీ హద్దు దాటాక ఉన్న ఆ బస్తీలోనే రెండు గదులు వేసుకున్నాక కూడా పొద్దున్నే పోయి ఆ గుక్క తాగి వచ్చేవాడు. కొత్తగా వచ్చిన పంపు డ్రైవరు బీహారు మనిషి. ముసలాయన సరదా అనుకుని ఊరుకున్నాడు. సరదా కాదు, అది జోగయ్యకి ఉద్యోగం కంటే పెద్ద ఉద్యోగం. గుక్క తాగి వచ్చేటప్పుడు అతని నడక చూస్తే స్టేషను మాస్టరు కూడా పక్కకి తప్పుకునేవాడు.

ఎనభై ఎనిమిది ఫిబ్రవరిలో రైల్వే తన స్థలం చుట్టూ గోడ కట్టుకుంది. కుళాయి గోడకి లోపల పడింది, బస్తీ బయట పడింది. అంతే. ఎవరి మీదా పగ లేదు, ఎవరి స్థలం వాళ్ళు చూసుకున్నారు. చిత్రమేమిటంటే బస్తీలో ఒక్కరు కూడా రైల్వేని పల్లెత్తు మాట అనలేదు. గోడ కట్టింది రైల్వే కాదు, ఎవరో కొత్తాఫీసరు అని తేల్చేశారు. రైల్వే అంటే వాళ్ళకి గవర్నమెంటు కాదు మరి. రైల్వే అంటే రైల్వే. జీతమిచ్చేది, పాసిచ్చేది, జ్వరమొస్తే మాత్రలిచ్చేది. గవర్నమెంటు వేరే. అది హిందీ మాట్లాడుతుంది, జీపులో వస్తుంది, పేర్లు రాసుకుని పోతుంది. మంచి జరిగితే రైల్వే ఖాతాలో, చెడు జరిగితే గవర్నమెంటు ఖాతాలో వెయ్యడం అక్కడ పసిపిల్లలకి కూడా వచ్చు.

గోడ లేచాక నీళ్ళకి మిగిలింది బస్తీ చివర నుయ్యి. ఆ నూతి సంగతి ఎవరికీ తెలియనిది కాదు. పోయిన వానల్లో గోడ లేవక ముందే, తీరికలేని రోజున బంగారమ్మ ఒక బిందె నూతి నీళ్ళు తెచ్చి వాడింది. మూడు రోజులు వాంతులూ విరేచనాలూ అయి ఆమె నాలుగేళ్ళ కూతురు పోయింది. ఒక్కతే కూతురు. పెద్దాసుపత్రి డాక్టరు వానాకాలంలో ఆ నుయ్యి ముట్టుకోవద్దని చెప్పాడు. మళ్ళీ వానలు నెల్లాళ్ళలో ఉన్నాయి.

ఈ సమయంలో గవర్నమెంటు నిజంగానే వచ్చింది. ఎవరూ అడగకుండానే బస్తీ మొదట్లో గొయ్యి తవ్వి, గొట్టం వేసి, సిమెంటు దిమ్మ కట్టి, రెండు ఇత్తడి కుళాయిలు బిగించింది. ఆ పని చూసినవాడు దేవాంగన్ అనే జూనియర్ ఇంజనీరు. ధమ్తరీ వైపు పల్లెటూరివాడు, ముప్ఫై ఏళ్ళు ఉంటాయి, ఎండలో కూలీలతో పాటు తనూ నిలబడేవాడు. మే నెల మొదటి సోమవారం నీళ్ళు వదిలాడు. నీళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళు కూడా వచ్చారు, చూశారు, ముక్కున వేలేసుకుని వెళ్ళిపోయారు. ఒక్క బిందె కూడా పెట్టలేదు.

దేవాంగన్‌కి అర్థం కాలేదు. ఎందుకని అడిగితే నలుగురు నాలుగు చెప్పారు. ఇన్నేళ్ళూ లేని ప్రేమ ఇప్పుడెందుకు పుట్టిందని ఒకామె అడిగింది. ఈ నీళ్ళు తాగితే ఈ స్థలం మీది కాదని రాయించుకుంటారట కదా అని ఇంకొకామె. నీళ్ళకి మందు వాసన ఉందని మూడో ఆమె. రైల్వే నీళ్ళకి కూడా అదే వాసన కదమ్మా అంటే, అది రైల్వే మందు, దీనిలోది ఏం మందో ఎవరికి తెలుసు అంది. వీళ్ళందరికీ పెద్దరికం చేసేది కోటమ్మ. యాభై దాటిన మనిషి, నోరు తెరిస్తే కుళాయిలాగే ఆగేది కాదు. ఆమె మాత్రం, జోగి బావ ఏమంటాడో చూడాలి అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

దేవాంగన్ నీళ్ళు పరీక్ష చేయించిన కాగితం తెచ్చాడు, దానిమీద ముద్ర చూపించాడు. ముద్ర ఎవరైనా వేస్తారన్నారు. తనే దోసిలి పట్టి అందరి ముందూ తాగాడు. కోటమ్మ శ్రద్ధగా చూసి, ఈయన జీపులో వచ్చాడు, కడుపులో ఏమైనా అయితే జీపులోనే ఆసుపత్రికి పోతాడు, మనం దేంట్లో పోతాం అంది. ఆ మాట ఎవరో హిందీలో చెబితే పాపం దేవాంగన్ జీపు వైపు ఒకసారి, చేతుల వైపు ఒకసారి చూసుకున్నాడు. మర్నాటి నుంచి సైకిలు మీద వచ్చాడు. అయినా లాభం లేకపోయింది. ఆడవాళ్ళు కుళాయి ముందు నుంచే బిందెలు చంకనెత్తుకుని నూతికి పోతున్నారు.

నాలుగో రోజున ఆయన జోగయ్య ఇంటికి వచ్చాడు. జోగయ్య అరుగు మీద మనవరాలిని ఆడిస్తున్నాడు. కొడుకు చిన్నారావు వర్క్‌షాపులో ఖలాసీ, డ్యూటీకి పోయాడు. కోడలు పైడమ్మ లోపల కుంపటి మీద నీళ్ళు కాస్తోంది. మనవరాలు దాలమ్మకి రెండున్నరేళ్ళు, అందరూ దాలి అంటారు. వారం కిందట దానికి కడుపు చెడింది, అప్పటి నుంచి పైడమ్మ నూతి నీళ్ళు కాచి చల్లార్చి పోస్తోంది. అలా కాచడానికి అందరి ఇళ్ళలోనూ బొగ్గులుండవు, అది వేరే సంగతి.

దేవాంగన్ చేతులు కట్టుకుని, బాబా, రేపు పొద్దున్న మీరొచ్చి ఒక్క గుక్క తాగండి చాలు అని అడిగాడు. ఆఫీసరు ఇంటికొచ్చి బతిమాలడం జోగయ్య జన్మలో జరగలేదు. ఛాతీ పొంగింది. మీసం మీదకి చెయ్యి పోయింది. సరే అనబోయి, ఆగి, ఈ నీళ్ళు మంచివేనని గ్యారంటీ ఏమిటని అడిగాడు. ఆయన తన హిందీలో ఓపిగ్గా చెప్పాడు. ఎక్కడి నుంచి వస్తాయో, ఎక్కడ వడకడతారో, ఏ మందు ఎంత వేస్తారో అంతా చెప్పాడు. చివర్న ఆయనే ఎదురు అడిగాడు. మీ రైల్వే నీళ్ళకి మీకెవరిచ్చారు గ్యారంటీ? రైల్వే కూడా సర్కారే కదా?

"రైల్వే సర్కారా?" అన్నాడు జోగయ్య.

"అవును బాబా. మరి ఎవరిదనుకున్నారు?"

జోగయ్య ముప్ఫై ఏళ్ళు నౌకరీ చేశాడు, పెన్షను తీసుకుంటున్నాడు, ఈ ప్రశ్న తనని తాను ఎప్పుడూ వేసుకోలేదు. రైల్వే ఎవరిది? రైల్వే రైల్వేదే. రేపు చెబుతానని ఆయన్ని పంపించేసి అరుగు మీద అలాగే కూర్చుండిపోయాడు. దాలి వచ్చి మీసం లాగినా కదలలేదు.

నిజం చెప్పుకోవాలంటే జోగయ్య మనసులో ఇంకొక ముల్లు ఉంది. పదేళ్ళ కిందట ఒక వేసవిలో కడుపు చెడి పదకొండు రోజులు బాధపడ్డాడు. కాచిన నీళ్ళు తప్ప ముట్టవద్దని రైల్వే డాక్టరే చెప్పాడు. గుక్క తాగకపోతే ఆడవాళ్ళు బిందెలు పెట్టరు, కారణం చెబితే అసలే పెట్టరు. అందుకని ఆ పదకొండు రోజులూ చెంబెత్తి, గొంతు కదిపి, నీళ్ళు మెడ మీంచి చొక్కాలోకి పోనిచ్చాడు. ఎవరూ కనిపెట్టలేదు. అందరూ హాయిగా పట్టుకుపోయారు. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పట్లో తప్పించుకున్నానని సంతోషించాడు. ఇప్పుడు ఆలోచిస్తే బుర్ర తిరుగుతోంది. మరి ఇన్నేళ్ళూ వీళ్ళని కాపాడింది తన గుక్కేనా? గుక్క లేకపోయినా నీళ్ళు మంచివే అయితే తను చేసిందేమిటి? అసలు మంచివని తనకెలా తెలుసు? నెలకోసారి ఎవరో వచ్చి సీసాలో నీళ్ళు పట్టుకుపోయేవారు. ఆ సీసాలో ఏం తేలిందో తనకెవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. పున్నయ్య తాగమన్నాడు, తాగాడు. తనకేమీ తెలియదని ఇన్నేళ్ళ తర్వాత తెలిసింది. అలాంటి మనిషి మాట మీద నలభై ఇళ్ళు నిలబడి ఉన్నాయి.

సాయంత్రం ఆ కొత్త కుళాయి దగ్గరికి ఒక్కడే పోయాడు. దోసిట్లో పట్టి వాసన చూశాడు. రైల్వే నీళ్ళ వాసనే. నాలిక మీద వేసుకున్నాడు. అదే చప్పదనం. ఉమ్మేశాడు. మళ్ళీ పట్టాడు, మళ్ళీ ఉమ్మేశాడు. తేడా దొరికితే వద్దని చెప్పెయ్యవచ్చు, దొరకడం లేదు. తేడా లేదని చెప్పడానికి ధైర్యం చాలడం లేదు. ఇటూ కాక అటూ కాక ఇంటికి వచ్చాడు.

పైడమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, కానీ అన్నీ గమనించే మనిషి. అన్నం పెడుతూ, ఏం ఆలోచించావని అడిగింది. జోగయ్య, తాగాలో మానాలో తెలియడం లేదన్నాడు.

"మావా, నువ్వు తాగకపోతే నూతికే పోతారు. వానలొచ్చీస్తన్నాయి. బంగారప్ప గుంట ఎలగ పోయినాదో మనం సూసినాం."

"తాగినాక ఏటైనా అయితే?"

"అదీ నిజమే" అంది పైడమ్మ.

మర్నాడు పొద్దున్న బస్తీ అంతా కుళాయి దగ్గరే ఉంది. ఆరు కూడా కాకుండానే ఎండ చురుక్కుమంటోంది. డ్యూటీ దిగిన మగవాళ్ళు కూడా బీడీలు ముట్టించి వెనక నిలబడ్డారు. దేవాంగన్ సైకిలు గోడకి ఆనించి, మాట్లాడితే ఎక్కడ చెడిపోతుందోనని ఒక పక్కగా నిలబడ్డాడు. జోగయ్య ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. అతని వెనకే పైడమ్మ, ఆమె చంకలో దాలి. కుళాయి తిప్పాడు. బుసబుసమంది, తెల్లగా దూకింది, తేరుకుంది. చెంబు పట్టాడు. ఎత్తాడు. నిజంగానే తాగాడు. గొంతు దిగుతుంటే లోపల చల్లగా ఉంది, అంతకు మించి ఏమీ తెలియలేదు. మీసాలు తుడుచుకుని "ఊఁ, కానియ్యండి" అన్నాడు.

ఎవరూ కదలలేదు.

జోగయ్య కంగారు పడ్డాడు. మళ్ళీ అన్నాడు. కోటమ్మ బిందె చంక మార్చుకుంది, అంతే. అప్పుడు గుంపులోంచి బంగారమ్మ ముందుకు వచ్చింది. కూతురు పోయాక ఆమె ఎవరితోనూ గట్టిగా మాట్లాడింది లేదు. ఇప్పుడూ దాలి వైపు చూస్తూ మెల్లిగానే మాట్లాడింది.

"సిన్నాన్నా, నువ్వు పెద్దోడివి. నీ కడుపు తట్టుకుంటాది. ఆ గుంటకి పట్టు."

అందులో వెటకారం లేదు, పంతం లేదు. అడగవలసిన మాటే అడిగింది. పెద్దవాళ్ళ కడుపులు తట్టుకుంటాయని ఆమెకి తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. ఆ నూతి నీళ్ళు ఆమె కూడా తాగింది మరి.

జోగయ్య పైడమ్మ వైపు చూశాడు. పైడమ్మ నేల వైపు చూసింది. చంకలో ఉన్న దాలికి దాహంగా ఉందో, నీళ్ళు దూకడం చూసి ముచ్చట పడిందో, "తాతా నీల్లు, నీల్లు" అని రెండు చేతులూ చాచింది. జోగయ్య చెంబులో కొంచెం పట్టాడు. దాని నోటి దాకా తెచ్చాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

ఎందుకు ఆగిందంటే ఏం చెప్పాలి? భయం వేసింది, అంతే. తాను తాగడానికి లేని భయం దానికి పట్టడానికి వచ్చింది. దాని కింద పెదవి చెంబు అంచుకి బెత్తెడు దూరంలో ఉంది. చెయ్యి ముందుకి పొమ్మంటే పోవడం లేదు. ఎంతసేపు ఆగిందో జోగయ్యకి తెలియదు గానీ, అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అందరూ చూశారు. దేవాంగన్ కూడా చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. ఇక దాలే విసుగెత్తి చెంబు లాక్కుని మొహం లోపల పెట్టేసింది. సగం తాగింది, సగం గౌను మీద పోసుకుంది, కిలకిలా నవ్వింది.

కోటమ్మ ఊరుకోలేదు. నీ చెయ్యెందుకు ఆగింది బావా అని అడిగింది. ఆగదేటి, మనిషి గదా అని బంగారమ్మే జవాబు చెప్పింది. ఆ జవాబు ఎటు తీసుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, చివరికి ఒక్కొక్కరూ బిందెలు పెట్టారు. దేవాంగన్ సంతోషంతో జోగయ్య చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ నీళ్ళతో ఆ రోజు అంట్లు తోముకున్నారని, బట్టలు ఉతుక్కున్నారని, తాగడానికి మాత్రం ఎవరూ ముట్టుకోలేదని ఆయనకి తెలియదు. రేపటి దాకా చూద్దామనుకున్నారు. ఏం చూద్దామని? దాలిని.

ఆ పగలు జోగయ్య ఇంటి ముందు నుంచి వెళ్ళని మనిషి లేదు. ఉప్పు బదులుకని ఒకామె, నిప్పు కోసమని ఒకామె, ఏ వంకా దొరకని ఇంకొకామె ఊరికే. అందరి కళ్ళూ దాలి మీదే. మధ్యాహ్నం అది ఎప్పుడూ పడుకోని వేళ పడుకునేసరికి ముగ్గురు ఒకేసారి గుమ్మంలోకి వచ్చి ఊపిరి ఆడుతోందా లేదా అని వంగి చూశారు. లేచి రెండుసార్లు తుమ్మింది. తుమ్ము కడుపుకి సంబంధించినదా, ముక్కుకి సంబంధించినదా అని కాసేపు వాదించుకున్నారు. జోగయ్యకి అన్నం దిగలేదు. పిల్ల గౌను వెనక వైపు నాలుగు సార్లు చూశాడు. తనకి కడుపులో గుడగుడమంటే అది ఆకలో మరేదో తేల్చుకోలేక అటూ ఇటూ తిరిగాడు. పైడమ్మ పిల్లని ఒళ్ళోంచి దించలేదు.

తెల్లారింది. దాలి చెక్కు చెదరలేదు. లేస్తూనే జంతిక అడిగింది. జోగయ్య గుండెల మీద నుంచి బండ దిగింది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు, ఏ దేవుడికో చూసుకోలేదు. గబగబా మొహం కడుక్కుని కుళాయి దగ్గరికి పోయాడు. బిందెల వరస అప్పటికే ఉంది. ఇక భయం తీరింది కదా, ఈ రోజు నుంచి మళ్ళీ పాత రోజులే అనుకుంటూ చెంబు నిండా పట్టి, ఒక్క గుక్క కాదు, చెంబు చెంబూ తాగాడు. తుడుచుకున్నాడు. కానియ్యండి అన్నాడు.

వరస కదలలేదు. అందరూ అతని వెనక్కి, దారి వైపు చూస్తున్నారు.

"గుంటేదీ?" అంది కోటమ్మ.

జోగయ్యకి ముందు అర్థం కాలేదు. ఇంట్లో ఉంది, బాగానే ఉంది, ఆడుకుంటోంది అని చెప్పాడు. బాగుందని మేమూ చూశాంలే, నిన్నటి నీళ్ళు మంచివే, ఇవాళ్టి నీళ్ళ సంగతేమిటి అంది కోటమ్మ. జోగయ్య, నేను తాగాను కదా అన్నాడు.

"నువ్వు రైల్వే నీళ్ళకి బావా. దీనికి గుంటే."

కోటమ్మ ఆ మాట కోపంగా అనలేదు. ఏ రోజు ఏ షిఫ్టో చెప్పినట్టు చెప్పింది. జోగయ్య వరసంతా కలయజూశాడు. ఎవరి మొహంలోనూ తప్పు చేస్తున్న కళ లేదు. పద్దెనిమిదేళ్ళు తన గొంతు వైపు చూసిన కళ్ళే అవి. అప్పుడు ఆ చూపులు ఎంత గొప్పగా ఉండేవో, ఇప్పుడు అంత భయంగా ఉన్నాయి. తను వీళ్ళకి ఏం నేర్పాడు? పున్నయ్య తనకి ఏం నేర్పాడు? ఈ రోజు పిల్లని తెస్తే రేపూ తేవాలి, ఎల్లుండీ తేవాలి. ఎన్నాళ్ళు? తేకపోతే వీళ్ళు నూతికి పోతారు. ఆలోచన ఎటు తిప్పినా గోడే తగిలింది.

"గుంట రాదు" అన్నాడు చివరికి.

కోటమ్మ సరే అన్నట్టు తలూపి బిందె ఎత్తుకుంది. ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు. గొడవ లేదు, తిట్టు లేదు. వరస వరసంతా కుళాయి ముందు నుంచి కదిలి నూతి దారి పట్టింది. ఆకాశంలో పడమటి వైపు నల్లగా మబ్బు కూడా కనిపిస్తోంది, ఇంకా వానమబ్బు కాదు గానీ మబ్బే.

ఒక్క బంగారమ్మ మిగిలింది. వచ్చి బిందె కుళాయి కింద పెట్టి, తిప్పి, నిండేదాకా చూస్తూ నిలబడింది. నిండాక దోసిట్లో పట్టి కాసిని తాగింది కూడా. జోగయ్యకి కళ్ళు చెమ్మగిల్లాయి. నువ్వైనా నమ్మావు తల్లీ అన్నాడు.

బంగారమ్మ అతని మొహంలోకి చూసింది.

"నమ్మడం ఏటి సిన్నాన్నా. నా ఇంట్లో తాగీ గుంట నేదు గదా, నాకేటి భయం."

బిందె ఎత్తుకుని ఆమె వెళ్ళిపోయింది. జోగయ్య కుళాయి కట్టడం మరిచిపోయి, గుర్తొచ్చి వెనక్కి వచ్చి కట్టి, మళ్ళీ ఇంటి వైపు నడిచాడు. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియదు. గుమ్మంలో పైడమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో దాలి, దాని చుట్టూ ఆమె రెండు చేతులూ. నూతి వైపు పోతున్న బిందెల్ని ఆమె అప్పటికే చూసింది. జోగయ్య ఆమె ముందు నిలబడ్డాడు.

పైడమ్మ అతన్ని చూసింది, నూతి దారిని చూసింది. బంగారమ్మ తన ఇంటి గుమ్మంలో ఒక్కతే బిందె దింపుకోవడం చూసింది. తర్వాత లేచి, పిల్లని చంకనెత్తుకుని, "కోటప్పా, ఆగండి, వొస్తన్నాం" అని కోటమ్మకి కేకేసింది. జోగయ్య చెంబు పట్టుకుని ముందు నడవబోయాడు. ఆమె చెయ్యి చాపి ఆ చెంబు తీసేసుకుంది.

"నువ్వొద్దు మావా. నీ చెయ్యి ఆగిపోతాది. నానే పడతాను."

చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె కుళాయి వైపు నడిచింది.